అర్థమైందా అని అడగని టీచరుగారు

తాడేపల్లిగూడెంలో పొద్దున పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూలబడ్డానో లేదో, ఎదురు సీట్లోంచి హిందీ మొదలైంది. ఇరవై ఏళ్లు దాటినట్టు లేని ఒక అమ్మాయి, ఒళ్లో సంచి, అరచేతిలో ఫోను. ఆ ఫోనులో ఒకాయన ఒక ఇంగ్లీషు మాట పట్టుకుని వదలడం లేదు. ముందు మాట పలికాడు, తర్వాత ఒక్కో అక్షరం చదివాడు, ఆపైన "ఇస్‌కా మత్‌లబ్ హోతా హై" అంటూ హిందీలో అర్థం చెప్పి, రెండు వాక్యాల్లో వాడి చూపించాడు. ఆ మాట 'అవైలబుల్'. ప్రతి వాక్యానికీ ఆ అమ్మాయి తలూపింది. అయిపోయాక మళ్లీ మొదటినుంచి పెట్టుకుని, మళ్లీ అక్కడక్కడే తలూపింది. పెట్టె నిండా గూడెం మార్కెట్టు ఉల్లిపాయల వాసన. ఈమధ్య రైలెక్కితే నాకు కావలసింది ఒక్కటే, ఏలూరు దాకా కునుకు. ఆ 'మత్‌లబ్' చెవిన పడ్డాక ఇక కునుకెక్కడిది!

ఎస్తేరు టీచరుగారే ఉండి ఉంటే, భీమడోలులో ఇదే పెట్టె ఎక్కి, చీర కుచ్చెళ్లు సర్దుకుని నా పక్కన కూర్చుని, కాసేపు ఆ ఫోను వంక చూసి, "బాగుందమ్మా, ఇప్పుడు ఆ మాటతో నన్నేదైనా అడుగు" అని ఆ అమ్మాయితో హిందీలో అనేవారు. ఆవిడ పోయి మూడేళ్లయింది. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. పేపర్లో పడ్డ మనిషి కాదు, ఎవరూ శాలువా కప్పలేదు. రిటైరైన రోజున స్కూలువాళ్లు ఇచ్చిన గోడ గడియారం ఆర్నెల్లకే ఆగిపోయిందని తనే నవ్వుతూ చెప్పేవారు. నేను ఇవాళ చేసుకుంటున్న పనిలో సగం ఆవిడ చెప్పగా నేర్చుకున్నది. మిగతా సగం, ఆవిడ చెప్పగా వినకపోయినందువల్ల నేర్చుకున్నది.

అప్పట్లో నేను కొల్లేరు అంచున ఒక రొయ్యల ప్లాంటు ఆఫీసులో పనిచేసేదాన్ని. చెరువుల్లో పట్టిన రొయ్య మా దగ్గరికొస్తే తల తీసి, పొట్టు వలిచి, గడ్డ కట్టించి, పెట్టెల్లో సర్ది ఓడకి పంపడం అక్కడ పని. ఒకప్పుడు వలుపు పనికి కలిదిండి వైపు ఊళ్లనుంచి ఆడవాళ్లు ఆటోల్లో వచ్చేవారు. పోనుపోను వాళ్లు తగ్గి, ఒడిశా నుంచీ జార్ఖండ్ నుంచీ అమ్మాయిలు గుంపులుగా రావడం మొదలైంది. సరుకు కొనేవాళ్ల తరఫున తనిఖీకి వచ్చినవాళ్లు గోడల మీది బోర్డులు చూసి, "ఇవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మీ పనివాళ్లకి ఇంగ్లీషు వచ్చా?" అని అడిగారు. మా మేనేజరుగారు నన్ను పిలిచి, "పద్మా, హిందీ వచ్చినవాళ్లెవరైనా ఉంటే చూడమ్మా. వారానికోసారి వచ్చి ఆ బోర్డుల మీది మాటలకి అర్థం చెబితే చాలు" అన్నారు. మా పెద్దమ్మ భీమడోలులో ఉంటుంది. వాళ్ల వీధి చివర, రైలుపట్టాల వైపు ఇంట్లో ఒక రిటైరైన హిందీ టీచరుగారున్నారని ఆవిడే చెప్పింది.

నేను వెళ్లేసరికి టీచరుగారు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. విషయం చెప్పాను. తల ఎత్తకుండానే అడిగారు.

"టెన్త్‌లో హిందీ ఎన్నొచ్చాయమ్మా నీకు?"

"ఇరవై రెండండీ."

"పాసుకి ఇరవై. రెండు మార్కుల పాటి ఎక్కువే చదివావన్నమాట."

అన్ని సబ్జెక్టులకీ ముప్పై అయిదు వస్తేనే పాసు, హిందీకి మాత్రం ఇరవై చాలు. ఆ లెక్కన ఆవిడ ముప్పై ఏళ్లూ, పాఠం వినకపోయినా పాసవుతామన్న ధీమాతో కూర్చున్న పిల్లలకి పాఠం చెప్పారు. "అర్థమైందా అంటే క్లాసు క్లాసంతా గంగిరెద్దుల్లా తలూపేవారు. వాళ్లని అనేదేముంది, గంట కొట్టాలి, బయటపడాలి. తలూపితే త్వరగా వదిలేస్తారని పిల్లలకి నేర్పింది మా సబ్జెక్టే" అన్నారు. చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచారు. "వస్తాను గానీ, నేను అర్థం చెప్పి ఊరుకునే రకాన్ని కాదు. మీ మేనేజరుగారికి ముందే చెప్పు." నేను, "ఆయ్, అలాగేనండీ" అన్నాను. ఆ మాట మేనేజరుగారికి చెప్పనే లేదు.

మొదటి రోజు ఆవిడ తీసుకున్న మాట 'రిపోర్ట్'. గాయమైతే వెంటనే రిపోర్ట్ చెయ్యాలని వలుపు హాల్లో పెద్ద బోర్డు ఉండేది. రొయ్య ముల్లు గుచ్చుకుని చేతులు చీము పట్టినా ఎవరూ చెప్పరు, చెబితే పనిలోంచి పంపేస్తారని భయం. టీచరుగారు హిందీలో ఒక్క వాక్యం అర్థం చెప్పి, అమ్మాయిల్లో ఒకర్ని లేపి, "నీ వేలు తెగింది. వెళ్లి రిపోర్ట్ చెయ్యి" అన్నారు. ఆ అమ్మాయి నవ్వుతూ సూపర్వైజరు బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల ఖాళీ, ఆయన భోజనానికి వెళ్లాడు. అక్కణ్ణుంచి మందుల పెట్టె దగ్గరికి వెళ్లింది. దానికి తాళం, తాళంచెవి ఆయన జేబులో. ఆ అమ్మాయి వేలు పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అందరూ పడీపడీ నవ్వారు. టీచరుగారు మాత్రం నవ్వకుండా నా వైపు తిరిగి, "పద్మా, వీళ్లకి మాట అర్థమైంది. మీకే అర్థం కాలేదు" అన్నారు. మర్నాటి నుంచి ఆ తాళంచెవి మేకుకి వేలాడింది.

అదీ ఆవిడ పద్ధతి. వారానికి ఒకటే మాట. అర్థం ఒక్క నిమిషం, వాడుక గంట. ఎవరు అనాలి, ఎవరితో అనాలి, అన్నాక కాళ్లూ చేతులూ ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, అన్నీ వాళ్లచేత చేయించి చూసేవారు. 'అర్థమైందా' అని ఆవిడ నోట నేను ఒక్కనాడూ వినలేదు. "చేసి చూపించు" అనేవారు. ఒకసారి రైల్లో వస్తూ అడిగాను, అలా అడిగితే తప్పేముందండీ అని. "మన గోదారి వాళ్లకి ఆ సంగతి వేరే చెప్పాలా?" అన్నారు. "ఎవరేం చెప్పినా ఆయ్ అంటాం, అలాగేనండీ అంటాం. కాదనడం మర్యాద కాదు, తెలియలేదనడం అంతకంటే మర్యాద కాదు. వాళ్ల హాఁజీ కూడా మన ఆయ్‌కి చుట్టమే. మర్యాదగల వాళ్లని అర్థమైందా అని అడక్కూడదమ్మా, పాపం, వాళ్లచేత అబద్ధం ఆడించినట్టవుతుంది." అప్పుడు నవ్వుకున్నాను. బాగా చెప్పారనుకున్నానే గానీ నా గురించి కూడా చెబుతున్నారని అనుకోలేదు.

ఇక్కడ ప్లాంటు లోపలి సంగతి ఒకటి చెప్పాలి. వలుపు హాలు శుభ్రంగా ఉండాలి గనక గమ్‌బూట్లు, ఆప్రాన్, టోపీ, గ్లవుజులు లేనిదే లోపలికి రానివ్వరు. వాటితో బయటికి పోనివ్వరు. గుమ్మం దగ్గర నేల మీద ఎర్ర గీత ఉంటుంది. బయటికి వెళ్లాలంటే పక్కనున్న బట్టల గదిలోకి వెళ్లి, గ్లవుజులు డబ్బాలో వేసి, ఆప్రాన్ తన నంబరున్న హుక్కుకి తగిలించి, బూట్లు తన అరలో పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు వెళ్లాలి. ఈ అలవాటు చేయించడం నా పని. చాలా గట్టిగా చేయించాను. సబిత అని ఒడిశా అమ్మాయి, కొత్తగా వచ్చింది, ఒకరోజు వాన మొదలైతే చూద్దామని బూట్లతోనే ఎర్ర గీత దాటి రెండడుగులు వేసింది. అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత సబిత ఎప్పుడూ గీత దాటలేదు. ఆమె ఆప్రాన్ ఎంత నీటుగా తగిలిస్తుందో మిగతావాళ్లకి చూపించి నేనే మెచ్చుకునేదాన్ని.

'ఎవాక్యుయేట్' అనే మాట వంతు వచ్చింది. ప్లాంటంతా చల్లగా ఉంచేది అమ్మోనియా. ఎక్కడైనా గొట్టం పగిలి అది లీకైతే సైరన్ మోగుతుంది, అందరూ ఖాళీ చేసి బయటపడాలి. ఆ బోర్డు మీద ఉన్న సంగతి అదే. టీచరుగారు ముందువారమే ప్లాంటంతా తిరిగి చూశారు. బట్టల గది గోడకి అవతలే అమ్మోనియా మిషన్ల గది అని గమనించి, నన్ను పక్కకి పిలిచారు.

"ఇది కూర్చోబెట్టి చెప్పే మాట కాదమ్మా. సైరన్ మోగించాలి. బూట్లతో, ఆప్రాన్లతో, ఉన్నవాళ్లు ఉన్నట్టు ఆ గీత మీద నుంచి పెరట్లోకి పరిగెత్తించాలి."

"బూట్లతో బురదలోకా అండీ? మళ్లీ హాలంతా కడిగించాలి. సరుకు ఆగిపోతుంది. మేనేజరుగారు ఒప్పుకోరండీ."

"అడిగావా?"

అడగలేదు. అడిగితే నన్నే కసురుకుంటారని తెలుసు. నాకూ ఆ బురద తలచుకుంటే విసుగ్గానే ఉంది. "చూద్దాం లెండి" అన్నాను. ఆ వారమే ఆవిడకి ఏలూరులో కంటి ఆపరేషన్ అయింది, నెల్లాళ్లు ఇల్లు కదలవద్దన్నారు. ఇంతలో తనిఖీవాళ్లు వస్తున్నారని కబురు. ఏ మాట ఎవరు నేర్పారో, ఎవరు నేర్చుకున్నారో రాసే రిజిస్టర్లో ఆ ఒక్క మాట దగ్గరే ఖాళీ ఉంది. మేనేజరుగారు, "నువ్వే చెప్పెయ్యమ్మా, ఒక్క మాటేగా" అన్నారు.

చెప్పేశాను. ఫోనులో ఆ మాటకి హిందీ అర్థం చూసుకుని, వలుపు హాల్లో నిలబడి, "ఎవాక్యుయేట్ కా మత్‌లబ్, బాహర్ జానా. సైరన్ మోగితే బాహర్ జానా. సమఝే?" అన్నాను. బయటికి వెళ్లాలి, అర్థమైందా అని. "హాఁజీ" అని హాలంతా ఒక్క గొంతుతో పలికింది. చాలా సంతోషం వేసింది నాకు. టీచరుగారు గంట తీసుకునే పని రెండు నిమిషాల్లో అయిపోయింది. రిజిస్టర్లో అందరిచేతా సంతకాలు పెట్టించాను. చెప్పినవారి పేరు దగ్గర హిందీ చదివినవాళ్ల పేరే ఉండాలని నిబంధన. ఎస్తేరు, హిందీ పండిట్ అని నా చేత్తో రాశాను. రాసి, రిజిస్టరు మూసి మేనేజరుగారి బల్ల మీద పెట్టాను.

పదిరోజులు తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం నేను పై అంతస్తు ఆఫీసులో ఉండగా సైరన్ మోగింది. కిటికీలోంచి చూస్తే మిషన్ల గది వైపు తెల్లటి పొగమంచులాంటిది నేలబారుగా పాకుతోంది. ముక్కులోకి సూదులు గుచ్చినట్టయింది. కొంగు తడిపి మొహానికి కట్టుకుని వెనక మెట్ల మీంచి పెరట్లోకి పరిగెత్తాను. వలుపు హాలు గుమ్మం తెరిచే ఉంది, గీత మీంచి పదడుగులు వేస్తే పెరడు. ఆ గుమ్మంలోంచి ఒక్కరూ రావడం లేదు. ఎందుకు రావడం లేదో నాకు తట్టడానికి కొంచెంసేపు పట్టింది. వాళ్లు బట్టల గదిలో వరసలో నిలబడ్డారు. నేను నేర్పినట్టే గ్లవుజులు డబ్బాలో వేస్తున్నారు, ఆప్రాన్లు విప్పుతున్నారు. గోడకి అవతలే లీకు. దగ్గుకుంటూ, కళ్లు నులుముకుంటూ, ఒకరి వెనక ఒకరు, బాహర్ వస్తున్నారు. వాళ్లకి తెలిసిన బాహర్ జానా అదే మరి. నేను అరిచిన అరుపులు ఆ సైరన్లో ఎవరికీ వినబడలేదు. అందరికంటే ఆఖరున సబితని ఇద్దరు మోసుకొచ్చారు. తోసుకోకుండా అందర్నీ ముందు పోనిచ్చి వరస చివర నిలబడిందట.

మిగతావాళ్లు రెండు మూడు రోజుల్లో తేరుకున్నారు. సబితకి ఒక కన్ను పోయింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఏలూరు ఆసుపత్రిలో చూడడానికి వెళ్తే, కంటికి కట్టు, ముక్కుకి గొట్టం, నన్ను చూసి లేవబోయింది. వద్దని భుజం పట్టుకున్నాను. మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ అడిగింది. "దీదీ, మైఁనే కోయీ గల్తీ కీ క్యా?" నేనేమైనా తప్పు చేశానా అని. ఆప్రాన్ హుక్కుకే తగిలించాను కదా దీదీ, అని కూడా అంది. అవతల ప్లాంటులో అందరూ ఆమెదే తప్పంటున్నారు, ఆ మాట అక్కడిదాకా వచ్చింది. నేను ఆమె చెయ్యి నిమిరి, రెండు బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

విచారణకి ఫ్యాక్టరీల అధికారి వచ్చారు. తేలవలసిందల్లా ఒకటే. చెప్పవలసినట్టు చెప్పినా సబిత వినకపోతే తప్పు ఆమెది, ఆమె వైద్యం ఆమె పాట్లు. సరిగా చెప్పకపోతే తప్పు ప్లాంటుది. మేనేజరుగారు రిజిస్టరు తెరిచి పెట్టారు. "అన్నీ చెప్పామండీ. సంతకాలున్నాయి, ఆ అమ్మాయిది కూడా ఉంది. పరిగెత్తవే అంటే ఆప్రాన్ విప్పుకుంటూ నిలబడితే మేమేం చేస్తామండీ?" టీచరుగారిని కబురుపెట్టి పిలిపించారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చున్నారు. అధికారి రిజిస్టరు ఆవిడ వైపు జరిపి, "ఈ క్లాసు మీరు చెప్పిందేనా అమ్మా?" అన్నారు.

ఆవిడ అద్దాలు పైకి తీసి, పేజీని మొహానికి ఆనేంత దగ్గరగా తెచ్చుకుని చదివారు. తన పేరు చూశారు. నా దస్తూరీ ఆవిడకి తెలుసు. నేను నేలవంక చూస్తున్నాను. ఆవిడకి నేను ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పడానికి భీమడోలులో రెండుసార్లు దిగి, రెండుసార్లూ తర్వాతి బండికి ఎక్కేశాను. ఆ తారీఖున తన కంటికి కట్టు ఉందని ఆవిడ ఒక్క మాట అంటే నా పని అయిపోయినట్టే.

"ఎవరు చెప్పారన్నది తర్వాత చూద్దామండీ. ఏం నేర్చుకున్నారో ముందు చూడండి" అంటూ లేచారు.

అందరం వలుపు హాలుకి వెళ్లాం. అమ్మాయిలు బల్లల దగ్గర పనిలో ఉన్నారు. టీచరుగారు గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా, "ఎవాక్యుయేట్. కర్‌కే దిఖావో" అన్నారు. చేసి చూపించమని. అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బట్టల గది తలుపు వైపు చూస్తే వాళ్ల కళ్లలో భయం. అయినా చేతిలోని రొయ్యలు కింద పెట్టి, వరస కట్టి, బట్టల గదిలోకి నడిచారు. గ్లవుజులు తీశారు, టోపీలు తీశారు, ఎవరి ఆప్రాన్ వాళ్ల హుక్కుకి తగిలించారు, బూట్లు అరల్లో పెట్టారు. ఒకమ్మాయి పక్కదాని బూట్లు వంకరగా ఉంటే సరిచేసింది కూడా. చేతులు కడుక్కుని, పెరట్లోకి వెళ్లి నిలబడి, బాగా చేశామా అన్నట్టు నా వైపు చూశారు. ఒక్కరు తప్పు చెయ్యలేదు. అధికారి గడియారం చూసుకుంటూ ఉండిపోయారు.

టీచరుగారు మేనేజరుగారి వైపు తిరిగి, "వినలేదన్నారు కదండీ. ఇంతకంటే బాగా వినేవాళ్లు నాకు ముప్పై ఏళ్ల సర్వీసులో దొరకలేదు" అన్నారు. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది, ఒకరు తోస్తే పడ్డట్టుండేది. ఆవిడ ఎత్తకపోవడం వల్ల నేనే చెప్పవలసి వచ్చింది. "ఆ క్లాసు చెప్పింది నేనండీ. టీచరుగారి పేరు రాసింది కూడా నేనే. బూట్లు విప్పకుండా గీత దాటకూడదని నేర్పిందీ నేనే" అన్నాను. మేనేజరుగారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సబిత వైద్యం ప్లాంటే చూసుకోవాలని రాసుకుని వెళ్లారు అధికారి. నన్ను ఆ నెలాఖరుకి మానిపించారు.

ఆ సాయంత్రం రైల్లో టీచరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. "నా పేరు రాసినందుకు కోపం వచ్చిందమ్మా. రాలేదంటే అబద్ధం" అన్నారు. నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఏడుపు ఆగాక, ఆసుపత్రిలో సబిత అడిగిన మాట చెప్పాను. ఆవిడ కిటికీ వదిలి నా వైపు తిరిగారు.

"ఆఫీసరుగారికి చెప్పావు, బాగానే ఉంది. ఆ పిల్లకి చెప్పావా?"

"లేదండీ."

"నిన్ను అడిగింది ఆ పిల్ల కదా."

మర్నాడు ఇద్దరం ఏలూరు వెళ్లాం. ఆటోలో ఆవిడ ముందే చెప్పేశారు. "తోడొస్తాను. మాట సాయం మాత్రం చెయ్యను." నా ఇరవై రెండు మార్కుల హిందీతో దారంతా వాక్యాలు కట్టుకుంటూ వెళ్లాను. సబిత మంచం పక్కన నిలబడి, తప్పు నాదని చెప్పాను. నువ్వేం తప్పు చెయ్యలేదు, నేను చెప్పినట్టే చేశావు, నేనే సరిగా చెప్పలేదు, నన్ను క్షమించు. క్రియలు తప్పాయో, లింగాలు తప్పాయో, ఏం తప్పాయో దేవుడికెరుక. ఆమెకి మాత్రం హిందీ సొంతమా, అదీ అరువు భాషే. సబిత ఒంటి కన్నుతో నన్నే చూస్తూ అంతా విన్నది. తర్వాత తలూపింది. "హాఁజీ దీదీ. సమఝ్ గయీ" అంది, అర్థమైందని.

మెట్ల మీద ఆగి టీచరుగారిని అడిగాను. "అర్థమైందంటారా అండీ?" అడిగాక గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు. ఆవిడ కొంగుతో కన్ను తుడుచుకుని, "నన్నడుగుతావేంటమ్మా" అని మెట్లు దిగడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్లూ మేమిద్దరం కలిసి ప్లాంటు ప్లాంటుకీ తిరిగి ఈ పనే చేశాం. ఆవిడ మాట చెప్పేవారు, నేను గమ్‌బూట్లు వేసుకుని అందరికంటే ముందు గీత దాటి బురదలోకి పరిగెత్తేదాన్ని. నేను దాటితే గానీ అమ్మాయిలు దాటరు, ఎక్కడైనా అంతే. ఇప్పుడు చెప్పడం, పరిగెత్తడం రెండూ నేనే. ఈ వయసులో బూట్లతో పరిగెడితే రాత్రికి మోకాళ్లు పట్టేస్తాయి. హాలు పాడవుతుందని ప్రతిచోటా ఒక మేనేజరు విసుక్కుంటాడు. మానేద్దామా అని నెలకోసారైనా అనుకుంటాను, మళ్లీ పొద్దున్నే ఈ బండి ఎక్కుతాను.

సబితని వాళ్లన్నయ్య వచ్చి ఊరికి తీసుకెళ్లాడు. తర్వాత కబురు లేదు. టీచరుగారు పోయిన ఏడాదికి, ఒక ఆదివారం, కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. సబిత. ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించింది. పెళ్లయిందనీ, ఇంటి దగ్గరే విస్తళ్లు కుడుతున్నాననీ చెప్పింది. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది. ప్లాంటులో ఎవరెవరున్నారని పేరుపేరునా అడిగింది. పెట్టేస్తుందేమో అనుకుంటుండగా, మెల్లగా అంది. "దీదీ, ఒక మాట అడగనా? ఆ రోజు నేను ఆప్రాన్ హుక్కుకే తగిలించాను. నిజంగా తగిలించాను. మరి ఎక్కడ తప్పు చేశాను దీదీ?"

నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. స్టవ్వు ఆపి, పీట వేసుకుని కూర్చున్నాను. ఫోను పెట్టెయ్యవద్దమ్మా అని చెప్పి, మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.